ముందు మనిషిని అడగండి: ఇళ్లలో కేర్‌టేకర్ పనికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం

నేను కాకినాడలో కేర్‌టేకర్‌ని. ఆసుపత్రి వార్డులో పని నేర్చుకుని తర్వాత ఇళ్లకి మారాను. ఇప్పుడు నేను చూసుకుంటున్నది సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పడం) ఉన్న 26 ఏళ్ల కుర్రాడిని. చేతులు మాట వినవు, నడవలేడు, మాట ముద్దగా వస్తుంది. దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాడు, క్రికెట్ లెక్కలు అడిగితే గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. ఇలా రాద్దామనుకుంటున్నానని చెబితే, "పేరు వద్దు. ఓటు సంగతి రాయి. బాత్రూం సంగతి కూడా రాయి, కానీ నాది అన్నట్టు కాకుండా అందరికీ చెప్పినట్టు రాయి" అన్నాడు. అలాగే రాస్తున్నాను.

ఎత్తడం, పక్కకి తిప్పడం, డైపర్ మార్చడం మీకు ఎవరో ఒకరు నేర్పుతారు. ఆగడం ఎవరూ నేర్పరు. మనం చేసే సాయంలో సగం మన తొందరే. గుండీ పెట్టుకోవడానికి అతనికి అయిదు నిమిషాలు పడుతుంది. మనం అర నిమిషంలో పెట్టేసి పని అయిపోయిందనుకుంటాం. పని మనది అయిపోయింది, అతనిది పోయింది.

మొదటి వారం: రెండు జాబితాలు

ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మో నాన్నో ఒక జాబితా ఇస్తారు. మందులు, టైములు, ఏది పడదు, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఏ డాక్టరు. అది జాగ్రత్తగా రాసుకోండి, అది లేకుండా ఒక్క పూట గడవదు. కానీ అది అతని గురించి వేరేవాళ్లు చెప్పిన మాట. రెండో జాబితా అతని నోటినుంచి రావాలి. వీలైతే ఇంట్లోవాళ్లు పక్క గదిలో ఉన్నప్పుడు కూర్చోండి.

ఏం అడగాలి? వార్డు ఫారాల్లో ఉన్నట్టు "మీ లక్ష్యాలు ఏమిటి" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి నేనైనా జవాబు చెప్పలేను. పొద్దున్న లేవగానే ఏం జరిగితే బాగుంటుంది, ఏం జరిగితే ఆ రోజంతా పాడవుతుంది, ఎంత టైం పట్టినా తనే చేసుకోవాలనుకునేది ఏది, నొప్పి వస్తే మనకి ఎలా తెలుస్తుంది, ఎవరి ముందు ఏ సంగతి ఎత్తకూడదు. ఇవి చాలు. ఏమని పిలవాలో కూడా అడగండి. మంచం మీద ఉన్నాడు కదా అని ముప్ఫై ఏళ్లవాణ్ణి "ఏరా బుజ్జీ" అనేవాళ్లని చూశాను. ఇతను నన్ను అన్నా అంటాడు, తనని పేరు పెట్టి పిలిచి నువ్వు అనమన్నాడు.

మా నోట్‌బుక్కులో మొదటి పేజీ ఇది. అతను చెప్పాడు, నేను రాశాను, చదివి వినిపిస్తే రెండు చోట్ల దిద్దించాడు.

లేపే ముందు పేరు పెట్టి పిలవాలి. నేను కళ్లు తెరిచేదాకా దుప్పటి లాగకూడదు.

ఎక్కడ ముట్టుకుంటున్నారో చెప్పి ముట్టుకోవాలి. చెప్పకుండా ముట్టుకుంటే ఒళ్లు బిగుసుకుపోతుంది. అది నా చేతుల్లో లేదు.

మొహం కడగకముందే కాఫీ. అమ్మ ఒప్పుకోదు. అయినా కాఫీ.

లుంగీ వద్దు. ట్రాక్ ప్యాంటు.

నేను నవ్వితే ఒప్పుకున్నట్టు కాదు. టెన్షన్‌లో కూడా నవ్వు వచ్చేస్తుంది.

నా మాట అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపొద్దు. మళ్లీ చెప్పమనండి.

చివరి వాక్యానికి ఒక పద్ధతి ఉంది. "ఏంటి? ఏంటి?" అంటూ ఉంటే అతను మొత్తం మొదటినుంచి చెప్పాలి, అలసిపోతాడు. "రేపు సాయంత్రం అన్నది అర్థమైంది, ఎక్కడికి అన్నది అందలేదు" అనండి. అందని ముక్క ఒక్కటే చెబుతాడు.

అడిగే తీరు

"టీ తాగుతావా?" అంటే చాలామంది "ఊఁ" అంటారు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరి చేతిలో ఉన్నవాళ్లకి ఊఁ కొట్టడం అలవాటైపోతుంది. తాగాలని ఉండి అన్నారో, మనల్ని నొప్పించడం ఎందుకని అన్నారో తెలియదు. అందుకని రెండు పెట్టి అడగాలి. అందులోనూ ఒక చిక్కు ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లలో కొందరు ఆఖరున విన్న మాటే తిరిగి చెబుతారు. "టీయా, కాఫీయా?" అంటే కాఫీ. కాసేపాగి "కాఫీయా, టీయా?" అంటే టీ. అలా మారిందంటే అది జవాబు కాదు. అప్పుడు నోటితో కాకుండా వస్తువుతో అడగాలి.

మా ఆవిడ ఒక మండలంలో భవిత సెంటర్లో, అంటే వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిపే సర్కారు కేంద్రంలో, ఆయాగా చేస్తుంది. మాటలు రాని ఒక పిల్లకి గౌను వేసేటప్పుడు చెరో చేత్తో ఒక గౌను పట్టుకుని కళ్ల ఎత్తులో చూపిస్తుంది. పిల్ల చూపు ఎటు ఆగిందో చూసి, గౌన్లు చేతులు మార్చి మళ్లీ చూపిస్తుంది. చూపు గౌను వెంట వెళ్లిందా, కుడి చేతి వైపే ఉండిపోయిందా తేలిపోతుంది. ఆ తర్వాత ఖాళీ అరచెయ్యి కూడా చూపిస్తుంది, రెండూ వద్దు అనే వీలు ఉండాలని. ఇదంతా ఒక నిమిషం పని.

అడిగాక ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఈలోగా అదే ప్రశ్న మాటలు మార్చి అడగొద్దు. విన్నది బుర్రలో ఒక దారికి వస్తుండగా మీరు మళ్లీ కదిపేస్తారు, అతను మొదటినుంచి మొదలుపెట్టాలి. పది సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అదే మీకు ముందు ముందు అలవాటు అవుతుంది.

అసలు మాటే లేనివాళ్ల దగ్గర చేరితే, ముందు వాళ్ల "వద్దు" ఎలా ఉంటుందో పట్టుకోండి. తల పక్కకి తిప్పడమా, పెదవులు బిగించడమా, కాలి వేళ్లు ముడుచుకోవడమా. "కావాలి" నెమ్మదిగా తెలుసుకోవచ్చు. వద్దన్నది మనకి అర్థమవుతోందని వాళ్లకి తెలిస్తేనే మిగతా కబుర్లు మనతో చెబుతారు.

బట్టలు, అన్నం, కుర్చీ

చొక్కా వేసేటప్పుడు బిగుసుకున్న చెయ్యి ముందు, బాగా ఆడే చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. వేళ్లు పట్టుకుని లాగడం చాలామంది చేస్తారు, లాగేకొద్దీ ఆ చెయ్యి ఇంకా బిగుస్తుంది. చొక్కా చేతిని గాజులా దగ్గరికి మడిచి ముందు మీ ముంజేతికి ఎక్కించుకోండి. అదే చేత్తో అతని అరచెయ్యి మెత్తగా పట్టుకుని, రెండో చేత్తో ఆ మడతని మీ చేతి మీదనుంచి అతని చేతి మీదికి జరపండి. మధ్యలో బిగుసుకుంటే జరపడం ఆపండి, చెయ్యి వదలొద్దు. మోచేతి కింద ఆసరా ఇచ్చి కూర్చుంటే కాసేపటికి దానంతటదే వదులవుతుంది. నడుము, మోకాళ్లు వంగి ఉన్నప్పుడు ఒళ్లు తేలిగ్గా వదులవుతుంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టి బట్టలు వేయడం కన్నా కూర్చోబెట్టి వేయడం నయం.

పై గుండీలు నేను పెడతాను. కింద రెండూ అతనివి. అతను వాటితో కుస్తీ పడుతుంటే నేను ఎదురుగా నిలబడి చూడను, పక్క దులుపుతాను, మందుల డబ్బా సర్దుతాను. ఎవరైనా చూస్తుంటే చేతులు ఇంకా వణుకుతాయి. అందుకే బయటికి వెళ్లే రోజు మా ఇంట్లో పావుగంట ముందు మొదలవుతుంది. ఆ పావుగంట ఎక్కడినుంచి తేవాలో మీరు చూసుకోవాలి, గుండీల్లోంచి తేకండి.

అన్నం దగ్గర మాత్రం కొంచెం కచ్చితంగా చెబుతాను. మెడ వెనక్కి వాల్చి నోట్లో పోయడం చాలా ఇళ్లలో చూస్తాను. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయేది అలాగే, న్యుమోనియా వచ్చేదీ అందుకే. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి. మీరు నిలబడి కాదు, అతని ఎదురుగా కూర్చుని పెట్టాలి. చెంచా ముందునుంచి, నోటికి కాస్త కిందినుంచి రావాలి. అర చెంచా చాలు. గుటక పడిందని చూసి, నోరు ఖాళీ అయ్యాక రెండో చెంచా. తిన్న తర్వాత అరగంట కూర్చునే ఉండాలి. నీళ్లలాంటి చారుకన్నా చిక్కటి పప్పు చాలామందికి తేలిగ్గా దిగుతుంది. తాగేటప్పుడు దగ్గు, తిన్న తర్వాత గొంతులో తడి గరగర, మాటిమాటికీ జ్వరం ఉంటే డాక్టరుకి చెప్పండి. మింగడం సంగతి చూసేది స్పీచ్ థెరపిస్టు, మాటలు నేర్పడం ఒక్కటే వాళ్ల పని కాదు.

ఇక్కడే ఇష్టానికీ ఆరోగ్యానికీ గొడవ వస్తుంది. ఇతనికి ఆవకాయ ప్రాణం. ముక్క గొంతులో అడ్డం పడుతుందని అమ్మగారు జాడీ కూడా కనపడనిచ్చేవారు కాదు. అటు అమ్మ మాట, ఇటు అతని మాట. నేను మధ్యలో తీర్పరిని కాదు కదా. థెరపిస్టు ముందు ముగ్గురం కూర్చున్నాం. ఏం జరగొచ్చో ఆవిడ అతనికే చెప్పారు, అతని మొహం చూసి చెప్పారు. చివరికి తేలింది ఏమిటంటే, ముక్క లేకుండా గుజ్జు, మెత్తటి అన్నం, నెయ్యి ఎక్కువ, పక్కన మనిషి. ఆదివారం ఆదివారం సాగుతోంది. ప్రమాదం ఉందని మొత్తానికి మానిపించడం తేలిక. ప్రమాదాన్ని ఎంత తగ్గించవచ్చో చూసి, మిగిలినదాన్ని అతనికే చెప్పి, ఆ తర్వాత అతను ఏమంటే అది చేయడం మన పని.

మంచం మీద ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. కుర్చీలో అయితే ఇంకా తరచుగా, అరగంటకోసారైనా ఒరిగించి బరువు మార్చాలి. పిరుదులు, తుంటి, మడమలు రోజూ చూడండి. నల్లటి ఒంటి మీద ఎర్రమచ్చ కనపడదు. చేత్తో తడిమితే వేడిగానో గట్టిగానో తగులుతుంది. చక్రాల కుర్చీని చెప్పకుండా కదపొద్దు, దాని మీద ఆనుకుని కబుర్లు చెప్పొద్దు, ఏటవాలు ఎక్కువగా ఉంటే వెనక్కి తిప్పి దించండి.

చూపు లేనివాళ్లని చెయ్యి పట్టి లాక్కెళ్లొద్దు. మీ మోచెయ్యి అందిస్తే వాళ్లే పట్టుకుంటారు, మీరు అరడుగు ముందు నడవండి. వినపడనివాళ్ల ముందు వెలుగు మీ మొహం మీద పడేలా నిలబడండి. అరిస్తే పెదాలు వంకరపోతాయి తప్ప వినపడదు.

తలుపు వేసుకుని చేసే పనులు

స్నానానికి ఎవరు రావాలో స్నానం చేసే మనిషి చెప్పాలి. ఆడవాళ్లకి ఆడమనిషి కావాలంటే ఆ రోజు స్నానం ఆలస్యమైనా సరే. తలుపు వేయాలి. కడుగుతున్న చోటు తప్ప మిగతా ఒంటి మీద తువ్వాలు ఉండాలి. సబ్బు ముందు వాళ్ల చేతికి ఇవ్వండి, అందినంత మేర వాళ్లు రుద్దుకుంటారు. మీ ఫోన్ గది బయట ఉండాలి. మోగినా సరే.

బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లల నెలసరి గురించి మా ఆవిడ రాయమంది. బొమ్మలు గీసిన కాగితం గోడకి అంటించి, డ్రాయరుకి ప్యాడ్ ఎక్కడ అతికించాలో రంగు దారంతో గుర్తు కుట్టి నేర్పితే చాలామంది పిల్లలు నేర్చుకుంటున్నారట. ఈ బాధ లేకుండా గర్భసంచి తీయించేద్దామా అని అడిగే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ ప్రకారం, పిల్లలు పుట్టకుండా పోయే ఏ వైద్యమైనా ఆ మనిషికి విషయం తెలిసి, తనంతట తాను ఒప్పుకుంటే తప్ప చేయకూడదు. ఆ తల్లులని తిట్టకండి, ప్యాడ్ నేర్పే మనిషిని చూపించండి.

బయటికి వెళ్లినప్పుడు

హోటల్లో సర్వరు నన్ను అడుగుతాడు, "ఆయనకేం కావాలండీ?" అని. నేను జవాబు చెప్పను, ఇతని వైపు చూస్తాను. నా చూపు ఎటుంటే సర్వరు చూపు అటు వెళుతుంది. ఇతను చెప్పింది సర్వరుకి అందకపోతే, నన్ను చెప్పమని సైగ చేస్తాడు. అప్పుడు అతని మాటే చెబుతాను, "కారం తక్కువ వేయండి" అని నా సొంతం కలపను.

ఇప్పుడు ఓటు. 2024 మే 13న మన దగ్గర పోలింగ్. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు ముందుగా ఫారం 12-డి ఇస్తే ఇంటికే వచ్చి ఓటు వేయించుకునే ఏర్పాటు ఉంది. మే నెల ఎండలో ఎందుకని నాన్నగారు ఆ ఫారం పెట్టమన్నారు. ఇతను వద్దన్నాడు. బడి దగ్గరికి వెళ్లి, అందరూ ఉన్న చోట వేస్తానన్నాడు. తనతో చదివినవాళ్లు కనిపిస్తారు, అది అసలు కారణం. ఇంటి దగ్గర ఓటు చాలామందికి మంచి సదుపాయం, ఇతనికి మాత్రం అక్కర్లేదు.

ముందురోజు సాయంత్రం నేను వెళ్లి బడి చూసొచ్చాను. ర్యాంపు ఉంది, దాని ముందు ఇసుక కుప్ప ఉంది, తీయించాం. పొద్దున్నే ఏడింటికల్లా వెళ్లాం. అతను బటన్ నొక్కలేడు. అలాంటివాళ్లు తోడుగా ఒకరిని లోపలికి తీసుకెళ్లవచ్చు. ఆ తోడుకి 18 ఏళ్లు నిండాలి, ఆ రోజు మరొకరికి తోడు వెళ్లకూడదు, ఓటు ఎవరికో బయటపెట్టనని రాసివ్వాలి. నాన్నగారు చొక్కా సర్దుకుని ముందుకొచ్చారు. ఇతను ఫ్రెండుని పిలిచాడు. "నాన్నకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది" అని నాతో అన్నాడు. నేనూ నాన్నగారూ చెట్టు కింద నిలబడ్డాం. ఎవరికి వేశాడో మా ఇద్దరికీ తెలియదు.

డబ్బు

ఆంధ్రలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి 15,000. తెలంగాణలో 4,016. ఒకటో తారీఖున పింఛను ఎవరి పేరున వస్తుందో అందరికీ తెలుసు. ఎవరి చేతిలో ఉంటుందన్నది వేరే సంగతి. ఇంటి ఖర్చులకి పోవడం తప్పని ఇళ్లు ఉన్నాయి, కాదనను. కొంతైనా అతను తన ఇష్టానికి ఖర్చు పెట్టుకునేలా ఇంట్లోవాళ్లతో మాట్లాడి చూడండి. మా వాడిది మొబైల్ డేటాకి పోతుంది. దండగ అని నాకు అనిపిస్తుంది, అనిపించినా అనను.

మీరు ఆ డబ్బు ముట్టుకోవద్దు. అప్పు అడగొద్దు, ఏటీఎం పిన్ తెలుసుకోవద్దు. పైన చెప్పిన వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్‌లో, డబ్బు, ఆస్తి వ్యవహారాల్లో సాయం చేసేవాడికీ ఆ మనిషికీ లాభనష్టాల తేడా వస్తే సాయం చేసేవాడు తప్పుకోవాలని ఉంది. ఒత్తిడి పెట్టకూడదని, ఆ మనిషి గోప్యతను, గౌరవాన్ని కాపాడాలని ఉంది. తనకి అందుతున్న సాయాన్ని మార్చుకునే, పూర్తిగా వద్దనుకునే హక్కు కూడా అందులోనే ఉంది. ఈ సెక్షన్ ఫోన్లో తీసి నాకు చదివి వినిపించింది ఇతనే, నవ్వుతూ. అది టెన్షన్ నవ్వు కాదు.

18 నిండగానే గార్డియన్ సర్టిఫికెట్ తీసుకోవాలేమో అని తల్లిదండ్రులు కంగారు పడతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే జిల్లా కమిటీ ఆ పని చూస్తుంది. అందరికీ అవసరం ఉండదు. సంతకం పెట్టలేకపోవడం వేరు, నిర్ణయం తీసుకోలేకపోవడం వేరు.

రాత్రి రాసే నాలుగు లైన్లు

డ్యూటీ మారేటప్పుడు రాసే నోట్‌లో మన అభిప్రాయం కాదు, జరిగింది రాయాలి. "మొండికేశాడు, బ్రష్ చేయనివ్వలేదు" అని రాస్తే తర్వాత వచ్చేవాడు పళ్లు బిగించి వస్తాడు. "బ్రష్ ముందు కాఫీ అడిగాడు, ఇవ్వలేదు, నోరు తెరవలేదు" అని రాస్తే ఏం చేయాలో అందులోనే ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలు కంచం విసిరేస్తే "కోపిష్టి" అని రాసేముందు, ఆ టైంలో మిక్సీ తిరుగుతోందా, కొత్త చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటోందా చూసి రాయండి.

ఇక అమ్మగారి సంగతి. "మనిషి ఇష్టమే ముఖ్యం" అని నేర్చుకుని వచ్చిన కొత్తవాళ్లు అమ్మకి ఎదురు మాట్లాడి వారంలో పని పోగొట్టుకుంటారు. ఆవిడ ఇన్నేళ్లు ఒక్కతే ఎత్తింది, నడుం పోగొట్టుకుంది, మీకు తెలియనివి ఆవిడకి వంద తెలుసు. కొన్ని సంగతుల్లో అతనే "అమ్మని అడుగు" అంటాడు. అది కూడా అతని నిర్ణయమే, ఒప్పుకోండి. కాఫీ విషయంలో మాత్రం ఆవిడ ఇంకా రాజీ పడలేదు. రోజూ ఒక మాట అంటారు, రోజూ కాఫీ ఆవిడే కలిపి ఇస్తారు.

మీరు ఊరెళ్లేటప్పుడు బదులు మనిషిని పెట్టాలి కదా. ఇంట్లోవాళ్లు మాట్లాడి ఖాయం చేసి, మర్నాడు తీసుకొచ్చి చూపించడం మామూలు. అలా కాకుండా ఆ మనిషిని ముందే ఒక పూట రమ్మని, ఇతని ఎదురుగా కూర్చోబెట్టండి. ప్రశ్నలు ఇతను అడగాలి. మా ఇంటికి మొన్న వచ్చినతన్ని అడిగినవి ఇవి: పని చేస్తూ ఫోన్ మాట్లాడతావా, సిగరెట్ తాగుతావా, నా మాట అర్థం కాకపోతే ఏం చేస్తావు, ఏ టీమ్? నోట్‌బుక్కు మొదటి పేజీ అతని చేతికిచ్చి అక్కడే చదవమనండి. జీతం, సెలవులు, రాత్రి భోజనం సంగతి ఆ తర్వాత ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవచ్చు.